పది డోసుల సీసా, ఎనిమిది మంది జనం

2021 మార్చి. ఓ పల్లెటూరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం అనుకోండి. మధ్యాహ్నం మూడు దాటింది. ఏఎన్ఎం (ఊరి నర్సు) ఎదురుగా బల్లల మీద ఎనిమిది మంది పెద్దవాళ్లు కూర్చున్నారు. ఆమె చేతిలోని కోవిషీల్డ్ వయల్‌లో పది డోసులున్నాయి. రబ్బరు మూతలోకి మొదటి సూది దిగిందంటే నాలుగు గంటల్లో మొత్తం వాడెయ్యాలి, మిగిలింది పారబొయ్యాలి. ఇంకో ఇద్దరు వస్తారా? వీళ్లను రేపు రమ్మనాలా? తెరిచి రెండు డోసులు వృథా చేస్తే పైవాళ్లతో మాట పడాలి. రేపు రమ్మంటే ఈ ఎనిమిది మందిలో మళ్లీ వచ్చేదెవరో చెప్పలేం.

పైవాళ్ల మాట ఉత్తిదేం కాదు. ఆ నెల 17న ముఖ్యమంత్రులతో ప్రధాని జరిపిన సమావేశంలో వృథా లెక్కలు చదివారు. దేశం మొత్తం మీద 6.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 11.6 శాతం, తెలంగాణలో 17.6 శాతం. రెండు తెలుగు రాష్ట్రాలూ తలదించుకోవాల్సి వచ్చింది. రెండు నెలలు తిరక్కుండానే కేరళ ఇంకో లెక్క చూపించింది: కేంద్రం పంపింది 73,38,806 డోసులు, తాము వేసింది 74,26,164. ఇందులో మాయ ఏమీ లేదు. చివరి డోసు తక్కువ పడకుండా కంపెనీవాళ్లు ప్రతి వయల్‌లోనూ కాస్త ఎక్కువ మందు నింపుతారు. చెయ్యి తిరిగిన నర్సు ఒక్క చుక్క పోనివ్వకుండా తీస్తే పది డోసుల సీసాలోంచి పదకొండో డోసు కూడా వస్తుంది. కేరళ నర్సులకు దండం పెట్టాల్సిందే.

అయితే ఈ లెక్కలో ఒక లోపం ఉంది. సీసా అడుగున మిగిలిన మందుకు రిజిస్టర్‌లో ఒక గడి ఉంటుంది. 'రేపు రా అవ్వా' అని పంపేస్తే ఇక రాని డెబ్బై ఏళ్ల మనిషికి ఏ గడీ ఉండదు. పిల్లల టీకాల్లో ఈ సంగతి ఎప్పుడో తేలిపోయింది. తట్టు టీకాకి ఒక్క బిడ్డ వచ్చినా సరే సీసా తెరవమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. కొంత మందు పోతే పోయింది, బిడ్డ తప్పిపోకూడదు. కరోనా టీకాకొచ్చేసరికి మందుకి కరువు కాబట్టి చుక్క చుక్కా లెక్కపెట్టారు. తర్వాత కోవాగ్జిన్‌కి మాత్రం తెరిచిన సీసాను చల్లగా దాచుకుంటే 28 రోజుల దాకా వాడుకోవచ్చన్న అనుమతి వచ్చింది. ఎన్ని ఉపన్యాసాలు ఇచ్చినా తీరని సిస్టర్ గారి చిక్కు ఆ ఒక్క మార్పుతో సగం తీరిపోయింది.

కరోనా రోజుల్లో టీకా గురించి మన కబుర్లన్నీ ఏ కంపెనీది మంచిది, ఎంత శాతం పనిచేస్తుంది, జ్వరం వస్తుందా అన్నవాటి చుట్టూనే తిరిగాయి. పంచే పద్ధతిని అధికారుల పని అని వదిలేశాం. కానీ ఉన్నది అదే మందు, అన్నే డోసులు అయినా, ఎవరికి ముందు, ఎంత ఎడంతో, ఎక్కడికి తీసుకెళ్లి వేశారన్న దాన్నిబట్టి మరణాల లెక్క చాలా మారిపోతుంది. మందు చాలనప్పుడు వరసే సగం వైద్యం.

ఎవరు ముందు?

మన దేశంలో టీకాలు 2021 జనవరి 16న మొదలయ్యాయి. ముందు ఆరోగ్య సిబ్బంది, ఫిబ్రవరి 2 నుంచి పోలీసులు, పారిశుద్ధ్య కార్మికుల్లాంటి ముందువరస సిబ్బంది, మార్చి 1 నుంచి 60 దాటినవాళ్లు, జబ్బులున్న 45 దాటినవాళ్లు, ఏప్రిల్ 1 నుంచి 45 దాటిన అందరూ. ఇంతవరకూ వరస సవ్యంగానే ఉంది. నర్సు మంచాన పడితే సూది వేసేవాళ్లే ఉండరు కాబట్టి ఆమె ముందు. ఆ తర్వాత ముసలివాళ్లు.

ముసలివాళ్లు ముందు అన్నది పెద్దల మీద గౌరవంతో పెట్టింది కాదు, పచ్చి లెక్క. తొలి ఏడాది పలు దేశాల గణాంకాలు కలిపి చూస్తే, టీకా లేని రోజుల్లో వైరస్ సోకిన 25 ఏళ్ల కుర్రాళ్లలో పదివేలకు ఒకరు చనిపోయారు. 55 ఏళ్లకొచ్చేసరికి వెయ్యికి నలుగురు, 65 ఏళ్లకి వెయ్యికి 14 మంది, 75 ఏళ్లకి 46 మంది, 85 ఏళ్లకి 150 మంది. తాతకి, మనవడికి మధ్య తేడా నాలుగైదు రెట్లు కాదు, కొన్ని వందల రెట్లు. ఒకే ఇంట్లో ఉండేవాళ్లకి ఇంత తేడాతో ముప్పు తెచ్చే అంటువ్యాధులు తక్కువ. వెయ్యి డోసులు 75 ఏళ్ల వాళ్లకి వేస్తే పదుల ప్రాణాలు దక్కుతాయి. పాతికేళ్ల వాళ్లకి వేస్తే ఒక ప్రాణం కూడా నిండా లెక్కకు రాదు.

ఇండోనేషియా మొదట్లో దీన్ని తిరగేసింది. 18 నుంచి 59 ఏళ్ల వాళ్లకే ముందు వేసింది. అప్పటికి ఆ దేశం చేతిలో ఉన్న చైనా టీకాకి వృద్ధుల మీద చేసిన పరీక్షల వివరాలు చాలకపోవడం ఒక కారణమైతే, పనిచేసే వయసువాళ్లను కాపాడితే ఇంటికి వైరస్ రాదన్న వాదన రెండోది. ఈ రెండో వాదన నిలబడాలంటే టీకా వైరస్ వ్యాప్తిని గట్టిగా ఆపాలి. జబ్బు ముదరకుండా ఆపినంత బాగా ఈ టీకాలు వ్యాప్తిని ఆపలేవని డెల్టా రకం వైరస్ వచ్చాక తేలిపోయింది.

మన దగ్గర వరస చెదిరింది 2021 మే 1న. ఆ రోజు నుంచి 18 దాటిన అందరికీ తలుపులు తీశారు. 18-44 ఏళ్ల వాళ్లు దాదాపు 59 కోట్ల మంది. కోవిషీల్డ్, కోవాగ్జిన్ కంపెనీలు రెండూ కలిపి నెలకు తొమ్మిది కోట్ల డోసులు కూడా తయారుచెయ్యలేని రోజులవి. పైగా సగం మందు కేంద్రానికి, మిగతా సగం రాష్ట్రాలకూ ప్రైవేటు ఆస్పత్రులకూ అని పంచారు, ఒక్కొక్కరికి ఒక్కో ధర. ఏప్రిల్‌లో దాదాపు తొమ్మిది కోట్ల డోసులు వేసిన దేశం మేలో ఆరు కోట్ల దగ్గర ఆగిపోయింది. బావి ఎండుతున్న వేళ చేదలు పెంచడమంటే ఇదే. సుప్రీంకోర్టు ఆ నెలాఖరున ఈ పద్ధతిని పైచూపుకే ఏకపక్షంగా, హేతుబద్ధత లేనిదిగా ఉందని తప్పుపట్టింది. జూన్ 7న ప్రధాని విధానం మార్చారు. 21 నుంచి కేంద్రమే 75 శాతం కొని రాష్ట్రాలకు ఉచితంగా ఇవ్వడం మొదలైంది.

ఈ గందరగోళం నడుస్తుండగానే తెలంగాణ చేసిన ఒక పని గురించి చెప్పుకోవాలి. మే 28 నుంచి గ్యాస్ సిలిండర్లు వేసేవాళ్లు, రేషన్ డీలర్లు, పెట్రోల్ బంకుల్లో పనిచేసేవాళ్లు, ఆటో డ్రైవర్లు, కూరగాయల వ్యాపారులు, ఇలా రోజూ వందల మందికి ఎదురుపడేవాళ్లను ఏరి టీకాలు వేశారు. 'సూపర్ స్ప్రెడర్లు' అని పేరుపెట్టారు. ఆ పేరు నాకు నచ్చదు. మనం ఇంట్లో కూర్చుని తినేలా చేసినవాళ్లను జబ్బు అంటించేవాళ్లని పిలవడమేమిటి? పేరు సంగతి వదిలేస్తే, ఆలోచన మంచిదే. వయసు లెక్కకి ఇది ఎదురు వెళుతున్నట్టు కనిపిస్తుంది కానీ, ఇంటి నుంచి పని చేసుకునే పాతికేళ్ల ఉద్యోగి, రైతుబజార్లో పొద్దున్నే తట్ట దించే పాతికేళ్ల మనిషి ఒకటి కాదు. వయసు చెప్పేది జబ్బు చేస్తే ఏమవుతుందన్నదే. జబ్బు అంటుకునే అవకాశం ఎంతో చెప్పేది వృత్తి. ఒకదాన్ని ఇంకొకదానితో గుణించాలి.

అదే వేసవిలో ఆంధ్రప్రదేశ్ ఐదేళ్లలోపు పిల్లల తల్లులను వరసలో ముందుకు తెచ్చింది. మూడో వేవ్ పిల్లల మీద పడుతుందన్న భయం అప్పట్లో గట్టిగా ఉండేది. పిల్లలకు ఈ వైరస్‌తో ముప్పు అతి తక్కువ కాబట్టి ఆ భయానికి పెద్ద ఆధారం లేదు. పని మాత్రం చెడ్డది కాదు. దేశమంతటా మగవాళ్లకంటే ఆడవాళ్లకు తక్కువ డోసులు పడుతున్న ఆ రోజుల్లో ఆడవాళ్లే ఎక్కువ మంది వేయించుకున్న కొద్ది రాష్ట్రాల్లో కేరళ, ఛత్తీస్‌గఢ్, ఆంధ్రప్రదేశ్ ఉన్నాయి. కారణం తప్పయినా ఫలితం మంచిదైన సందర్భాలు ప్రజారోగ్యంలో అప్పుడప్పుడూ తగులుతుంటాయి.

రెండో సూది ఎప్పుడు?

అన్నిటికంటే చిక్కుముడి ఇదే. కాస్త నిదానంగా విప్పుకుందాం.

2020 డిసెంబరు 30న బ్రిటన్ ఒక పందెం వేసింది. రెండు డోసుల మధ్య ఎడాన్ని 12 వారాల దాకా పెంచుతున్నామని ప్రకటించింది. ఫైజర్ టీకాని పరీక్షించింది మూడు వారాల ఎడంతో. 21 రోజులు దాటాక ఒక్క డోసు ఎంత కాపాడుతుందో తమ దగ్గర వివరాల్లేవని ఆ కంపెనీయే చెప్పింది. డాక్టర్ల సంఘం అభ్యంతరం చెప్పింది. అయినా ముందుకే వెళ్లారు. వాళ్ల తర్కం సూటిగా ఉంటుంది. మొదటి డోసుతో 60 శాతం, రెండోదానితో 80 శాతం రక్షణ వస్తుందని ఉదాహరణకి అనుకుందాం. చేతిలో వంద డోసులున్నాయి. యాభై మందికి రెండేసి వేస్తే 40 మందికి సరిపడా రక్షణ. వంద మందికి ఒక్కొక్కటి వేస్తే 60 మందికి సరిపడా. రెండో డోసు తెచ్చే లాభం మొదటిదాని లాభం కంటే తక్కువైనంతకాలం ఎడం పెంచడమే మేలు. పైగా ఆక్స్‌ఫర్డ్ టీకాకి ఎడం పెరిగేకొద్దీ పనితనమే పెరిగింది: ఆరు వారాలలోపు రెండో డోసు వేస్తే 55.1 శాతం, 12 వారాలు దాటాక వేస్తే 81.3 శాతం. రోగనిరోధక వ్యవస్థ మొదటి పాఠం వంటబట్టించుకోవడానికి కొంత వ్యవధి తీసుకుంటుంది. తొందరపడి రెండోసారి చెబితే అంతగా ఎక్కదు.

మన దేశంలో ఇదే ఆక్స్‌ఫర్డ్ టీకాని కోవిషీల్డ్ పేరుతో వేశాం. ఎడం ముందు 4-6 వారాలు, మార్చి 22న 6-8 వారాలు, మే 13న 12-16 వారాలు. వింతేమిటంటే, మనం పెంచిన మర్నాడే, మే 14న, బ్రిటన్ 50 దాటినవాళ్లకు ఎడాన్ని 8 వారాలకు తగ్గించింది. రెండు దేశాలూ చూస్తున్నది ఒకే శత్రువుని, డెల్టాని. ఒక్కరోజు తేడాతో రెండూ చెరో దిక్కుకీ నడిచాయి. ఎవరిది తప్పు?

బ్రిటన్ లెక్కలే తీసుకుందాం. డెల్టా మీద ఒక్క డోసు, లక్షణాలతో కూడిన జబ్బుని ఆపింది సుమారు 31 శాతం. ఆక్స్‌ఫర్డ్ టీకా రెండు డోసులయ్యాక 67 శాతం. అంటే రెండో డోసు లాభం మొదటిదానికంటే ఎక్కువ. పాత తర్కం తలకిందులైంది: వంద మందికి ఒక్కొక్కటి వేస్తే 31, యాభై మందికి రెండేసి వేస్తే 33 పైచిలుకు. మరి ఆస్పత్రి పాలవకుండా? అక్కడ ఒక్క డోసుకి 71 శాతం, రెండింటికీ 92 శాతం. ఆ లెక్కలో వంద డోసులకి 71, 46. ఒక్కో డోసే మేలు!

అంటే మనం చేసిందే సరైనదా? ఇక్కడే వయసు మళ్లీ అడ్డొస్తుంది. ఈ లెక్కంతా వంద మందీ ఒకేలాంటివాళ్లు అనుకుని వేసింది. 75 ఏళ్ల వాళ్లు వెయ్యి మంది, అందరికీ వైరస్ సోకిందనుకోండి. టీకా లేకపోతే 46 మరణాలు. ఆస్పత్రి శాతాలనే మరణాలకీ వాడుకుంటే ఒక్క డోసుతో 13, రెండు డోసులతో 4. రెండో డోసు కాపాడేది సుమారు పది ప్రాణాలు. అదే వెయ్యి డోసులు మొదటి డోసుగా పాతికేళ్ల వాళ్లకి వేస్తే కాపాడేది ఒక ప్రాణంలో పదో వంతు కూడా కాదు. తాతగారి రెండో సూది, మనవడి మొదటి సూది కంటే వంద రెట్లకు పైగా విలువైనది.

కాబట్టి ఎడం ఎంత అన్న ప్రశ్నకి ఒకే జవాబు ఉండదు. పెద్దవాళ్లకి తక్కువ ఎడం, చిన్నవాళ్లకి ఎక్కువ ఎడం. మే 14న బ్రిటన్ చేసింది అదే. మనం మాత్రం ఒకే నెలలో ఒక చేత్తో కుర్రాళ్లకి తలుపు తీసి, ఇంకో చేత్తో 45 దాటినవాళ్ల రెండో డోసుని కూడా అందరితోపాటే వెనక్కి జరిపాం. విడివిడిగా చూస్తే రెండు నిర్ణయాలకీ ఏదో ఒక సమర్థన దొరుకుతుంది. కలిపి చూస్తే దొరకదు. తాము 8-12 వారాల దాకే సమ్మతించామని టీకాల మీద ప్రభుత్వానికి సలహా ఇచ్చే జాతీయ బృందం సభ్యులు కొందరు తర్వాత బయటికే చెప్పారు. 2022 మార్చిలో ఆ ఎడాన్ని 8-16 వారాలుగా సడలించారు.

ఎడం మార్పు వల్ల తెలుగిళ్లలో రగడ జరిగింది వేరే కారణంతో. అమెరికా, బ్రిటన్ చదువులకి ఆగస్టులో విమానం ఎక్కాల్సిన పిల్లలకి మొదటి డోసు మేలో పడింది, రెండోది ఆగస్టు-సెప్టెంబరు దాకా లేదు. జూన్‌లో విదేశాలకు వెళ్లే విద్యార్థులు, ఉద్యోగులు, ఒలింపిక్స్ క్రీడాకారులకు 28 రోజుల తర్వాత రెండో డోసు వేయొచ్చని వెసులుబాటు ఇచ్చారు. కోవాగ్జిన్ వేయించుకున్నవాళ్ల కష్టం ఇంకో రకం. మన శామీర్‌పేట దగ్గర జీనోమ్ వ్యాలీలో తయారైన ఆ టీకాకి ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు వచ్చింది 2021 నవంబరు 3న. అంతకుముందు వెళ్లినవాళ్లలో చాలామంది అక్కడికి చేరాక మళ్లీ మొదటినుంచి వేరే టీకా వేయించుకోవాల్సి వచ్చింది.

ఇంకో పొదుపు మార్గం కూడా ఉంది. ఒకసారి జబ్బు చేసి తగ్గినవాళ్లకి ఆ జబ్బే మొదటి డోసులాంటిది. 2021 ఫిబ్రవరిలోనే ఫ్రాన్స్ అలాంటివాళ్లకి ఒక్క డోసు చాలంది. మన దగ్గర మేలో, కోలుకున్నాక మూడు నెలలు ఆగమని చెప్పారు. ఆ జూన్-జులైలో జరిపిన సర్వేలో 67.6 శాతం మందికి యాంటీబాడీలు ఉన్నాయి. అంటే మనం వేసిన డోసుల్లో ఎన్నో, జబ్బు ముందే నేర్పిన పాఠాన్ని మరోసారి చదివించాయి.

చుట్టూ కట్టే కంచె, చిన్న చేసిన డోసు

'మశూచిని తరిమికొట్టినట్టు దీన్నీ తరమలేమా?' అని చాలామంది అడిగారు. మశూచి మీద గెలిచింది జనాలందరికీ టీకాలు వేసి కాదు. 1966 చివర్లో తూర్పు నైజీరియాలో విలియం ఫీగీ అనే అమెరికన్ డాక్టరు, మందు చాలక, రోగి చుట్టూ ఉన్నవాళ్లకే కంచెలా టీకాలు వేసుకుంటూ పోయారు. జబ్బు ఆగిపోయింది. 1974 మే నెలలో బీహార్‌లో ఒక్క వారంలో 11,000 మశూచి కేసులు బయటపడ్డాయి. కార్యకర్తలు రోగి బొమ్మ ఉన్న కార్డు పట్టుకుని ఊరూరా తిరిగి, కేసు చెప్పినవాళ్లకి బహుమతి ఇచ్చి, దొరికిన ప్రతి ఇంటి చుట్టూ కంచె కట్టారు. ఏడాది తిరిగేసరికి దేశంలో మశూచి లేదు.

కరోనాకి ఆ కంచె నిలవదు. మశూచి రోగి ఒంటిమీద పొక్కులు లేచాకే ఇతరులకు అంటిస్తాడు, ఆ పొక్కులు దూరం నుంచే కనిపిస్తాయి. వైరస్ సోకిన మూడు రోజులలోపు టీకా వేసినా పనిచేస్తుంది. కరోనాలో జ్వరం రాకముందే వైరస్ పక్కవాళ్లకి చేరిపోతుంది. టీకా ఒంటపట్టడానికి రెండు వారాలు కావాలి. కంచె వేసేసరికి పశువు పొలం దాటిపోయి ఉంటుంది. ఎబోలా మీద మాత్రం 2015లో గినీలో ఈ కంచె పద్ధతి మళ్లీ పనిచేసింది. తర్వాతి మహమ్మారి ఏ జాతిదో చూసుకునే కంచె వాడాలో వద్దో తేల్చుకోవాలి.

మందు చాలనప్పుడు డోసునే చిన్నది చేసే దారీ ఉంది. 2016లో అంగోలా, కాంగోలలో పచ్చజ్వరం చెలరేగింది. ప్రపంచం దగ్గర అత్యవసర నిల్వ 60 లక్షల డోసులే. ఆ ఆగస్టులో కాంగో రాజధాని కిన్షాసాలో ఒక డోసుని ఐదు భాగాలు చేసి 70 లక్షల మందికి పైగా జనానికి వేశారు. ఐదో వంతూ సరిపోయింది. మన ప్రభుత్వాసుపత్రుల్లో కుక్కకాటు టీకాని కండలోకి కాకుండా చర్మం పొరలోకి 0.1 మిల్లీలీటరు చొప్పున వేయడం వెనకా ఇదే పొదుపు. కరోనా టీకాలకి ఈ ప్రయోగం సకాలంలో పెద్దయెత్తున ఎవరూ చేసి చూడలేదు. నా లెక్కలో ఇది పెద్ద అవకాశం జారవిడుచుకోవడమే.

మందు ఎప్పుడు కొనాలి?

వరసలు ఎంత బాగా కూర్చినా చేతిలో మందుండాలి కదా. బ్రిటన్ ఆక్స్‌ఫర్డ్ టీకాకి 10 కోట్ల డోసులు బుక్ చేసింది 2020 మేలో, అది పనిచేస్తుందో లేదో తెలియకముందే. మన కేంద్రం కోవిషీల్డ్ తయారుచేసే సీరమ్ సంస్థకి మొదటి ఆర్డరు ఇచ్చింది 2021 జనవరి 11న. డోసుకి 200 రూపాయల చొప్పున 1.1 కోట్ల డోసులు. టీకాలు మొదలవడానికి ఐదు రోజుల ముందన్నమాట. సీరమ్‌కీ, కోవాగ్జిన్ తయారుచేసే కంపెనీకీ కలిపి దాదాపు 4,500 కోట్ల ముందస్తు డబ్బు మంజూరైంది ఏప్రిల్ 19న, ఆక్సిజన్ సిలిండర్ల కోసం జనం పరుగులు పెడుతున్నప్పుడు. ఇల్లు అంటుకున్నాక బావి తవ్వినట్టు.

ఆర్డరు ఇవ్వగానే మందు రాదు. కోవాగ్జిన్‌నే చూడండి. బతికున్న వైరస్‌ని కట్టుదిట్టమైన ప్రయోగశాలలో పెంచి, చంపి, శుద్ధిచేసి, నింపి, పరీక్షలు దాటించి బయటికి పంపేసరికి ఒక్కో బ్యాచ్‌కి దాదాపు 120 రోజులు పడుతుందని తయారీదారులే చెప్పారు. జూన్‌లో మీ భుజంలోకి దిగిన మందు ఫిబ్రవరిలో పుట్టింది. దాన్ని ఏప్రిల్‌లో ఎంత తరిమినా ముందు పుట్టదు. ఈ లోపు రాష్ట్రాలను సొంతంగా కొనుక్కోమంటే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సహా చాలా రాష్ట్రాలు ప్రపంచ టెండర్లు పిలిచాయి. ఫైజర్, మోడెర్నా తాము కేంద్రంతోనే మాట్లాడతామన్నాయి. ఆంధ్రప్రదేశ్ కోటి డోసుల టెండరుకి ఒక్క బిడ్డూ రాలేదు. ఒకే దేశంలోని రాష్ట్రాలు ఒకే సరుకు కోసం ఒకరితో ఒకరు పోటీపడితే బేరం ఎవరి చేతికి పోతుందో సంతలో కూరగాయలు కొనేవాళ్లకి కూడా తెలుసు.

2021 జూన్‌లో కేంద్రం హైదరాబాద్‌లోని బయోలాజికల్-ఇ సంస్థకి, టీకా ఇంకా మూడో దశ పరీక్షల్లో ఉండగానే, 30 కోట్ల డోసులకి 1,500 కోట్ల రూపాయలు ముందే కట్టింది. నేర్చుకున్నామనే అనిపించింది. ఏడాది ముందే చేసుంటే అన్నది వేరే మాట.

ఫోన్‌లో స్లాటు, గుమ్మంలో సూది

మందుంది, వరస ఉంది. మనిషి దగ్గరికి ఎలా చేరాలి? టీకాల కోసం ప్రభుత్వం పెట్టిన కోవిన్ పోర్టల్ సరుకు లెక్కకి, సర్టిఫికెట్లకి బాగా పనికొచ్చింది. వరస పెట్టడానికి వాడినప్పుడే తేడా కొట్టింది. మేలో 18-44 వాళ్లకి ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. పోర్టల్ ఇంగ్లిష్‌లో ఉండేది, తెలుగు జూన్‌లో వచ్చింది. స్లాట్లు తెరుచుకున్న క్షణాల్లో అయిపోయేవి. కోడింగ్ వచ్చిన కుర్రాళ్లు స్లాటు కనిపెట్టే ప్రోగ్రాములు రాసుకున్నారు. నగరాల్లో దొరకని స్లాటుని ఊళ్లలో పట్టి, కార్లేసుకుని పల్లె ఆరోగ్య కేంద్రాలకు వచ్చి వేయించుకుని వెళ్లారు. ఆ ఊరి కూలీమనిషి గేటు దగ్గర నిలబడి చూశాడు. టీకాల వరసలో ముందు నిలబడ్డది వేగంగా బొటనవేలు కదిలించగలిగినవాడు. ఇది ఏ వ్యూహంలోనూ రాసి ఉండదు, దానంతటదే జరిగిపోతుంది. మే 24న ప్రభుత్వ కేంద్రాల్లో నేరుగా వెళ్లి వేయించుకోవచ్చని సడలించారు.

జూన్ 20న ఆంధ్రప్రదేశ్ ఒక్కరోజులో 13 లక్షలకు పైగా డోసులు వేసింది. ఆ ఘనతలో పెద్ద వాటా పోర్టల్‌ది కాదు. గ్రామ సచివాలయం, ఇంటింటి జాబితా ఉన్న వాలంటీరు, పేరుపెట్టి పిలిచే ఆశా కార్యకర్త, చిన్నప్పటినుంచి పిల్లలకి సూదులు వేస్తూ ఊరందరికీ తెలిసిన ఏఎన్ఎం అప్పుడు దాని వెనక ఉన్నారు. ఏళ్ల తరబడి పోలియో చుక్కల ఆదివారాలు నడిపిన యంత్రాంగం అది. మహమ్మారి వచ్చాక దాన్ని పుట్టించలేం.

భయం సంగతీ అక్కడే తేలుతుంది. ఉత్తరప్రదేశ్‌లోని బారాబంకీ జిల్లాలో టీకాల బృందాన్ని చూసి జనం సరయూ నదిలోకి దూకారు. మన దగ్గర ఫలితాలు రాకముందే కోవాగ్జిన్‌కి జనవరిలో అనుమతి ఇచ్చేసరికి డాక్టర్లే కొందరు వెనకాడారు. చివరికి ఆ టీకా 77.8 శాతం పనిచేసిందని తేలింది. రెండు నెలలు ఆగి కాగితం చూపించి ఉంటే ఆ అనుమానమే పుట్టేది కాదు. టీవీలో ప్రకటనకి కదలని అవ్వ, 'నేనూ వేయించుకున్నాలే పెద్దమ్మా, ఒకరోజు ఒళ్లునొప్పులంతే' అని ఏఎన్ఎం చెబితే కదిలింది. నవంబరులో ఇంటింటికీ వెళ్లి వేసే కార్యక్రమం దేశమంతా మొదలైంది. మంచం పట్టిన ముసలాయన మెట్లు దిగి రాలేడని తెలుసుకోవడానికి పది నెలలు పట్టింది.

రమ్మని పిలిచినంత మాత్రాన రారనడానికి హాంకాంగ్‌ని మించిన ఉదాహరణ లేదు. అక్కడ మందుకి కొదవ లేదు, ఎవరికైనా ఉచితం, వృద్ధులకే ముందు పిలుపు. కానీ జబ్బులున్నవాళ్లు టీకా వేయించుకోకూడదన్న భయం ముసలివాళ్లలో పాతుకుపోయింది. నగరంలో కేసులే లేకపోవడంతో తొందరా లేదు. 2022 ఫిబ్రవరిలో ఒమిక్రాన్ రకం వైరస్ వచ్చేనాటికి 80 దాటినవాళ్లలో రెండు డోసులూ పడ్డది సగం మందికి కూడా కాదు. మూడు నెలల్లో 9,000 మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది ముసలివాళ్లే, వాళ్లలో చాలామంది వృద్ధాశ్రమాల్లో ఉన్నవాళ్లు.

మన దగ్గర 2021 అక్టోబరు 21కి వంద కోట్ల డోసులు, 2022 జులై 17కి రెండు వందల కోట్ల డోసులు పూర్తయ్యాయి. టీకాలు తొలి ఏడాదిలో భారత్‌లో 42 లక్షల మరణాలను ఆపి ఉంటాయని ఒక అంతర్జాతీయ అంచనా. మూడో డోసుకొచ్చేసరికి కథ మారింది. 2022 ఏప్రిల్ 10 నుంచి 18-59 ఏళ్ల వాళ్లు ప్రైవేటులో డబ్బులిచ్చి వేయించుకోవాలన్నారు, జనం పెద్దగా పోలేదు. జులై 15 నుంచి 75 రోజులు ఉచితమన్నారు, కొంతమంది వచ్చారు. సీరమ్ సంస్థ 2021 డిసెంబరులోనే కోవిషీల్డ్ తయారీ ఆపేసింది. 2022 అక్టోబరులో ఆ సంస్థ అధిపతి అదర్ పూనావాలా చెప్పిన మాట ప్రకారం, అప్పటికి గడువు తీరిపోయి పారబోసిన నిల్వ సుమారు పది కోట్ల డోసులు.